కుర్చీ ఖాళీ అయ్యాక మొదలయ్యే చప్పుడు

ఆయనకి వెనక నిలబడే జబ్బుంది. మందుల్లేని జబ్బు. భార్య కూరగాయలు తరుగుతుంటే భార్య వెనక, ఆమె కంప్యూటరు ముందుంటే కుర్చీ వెనక, చేతిలో టీ కప్పుతో నిలబడి ఎవరూ అడగని సలహాలు ఒక్కొక్కటే జారవిడుస్తుంటాడు. గోదాం సూపర్‌వైజరు కదా, పగలంతా పాతికమందికి ముందు నిలబడి నిలబడి, ఇంటికొచ్చేసరికి ముందు చోటంటే మొహం మొత్తుతుంది కాబోలు. ఇరవై రెండేళ్లుగా ఆమె దీన్ని కాపురంలో ఒక భాగంగానే లెక్కేసుకుంది.

అయితే ఆ సోమవారం ఆయన ఇంట్లో లేడు. అయినా ఎవరో ఉన్నట్టే అనిపించింది.

ఆమె ఇంట్లోనే కూర్చుని ఒక ఆసుపత్రికి రిపోర్టులు టైపు చేసి పెడుతుంది. డాక్టర్లు రోగిని చూశాక గబగబా నాలుగు ముక్కలు రికార్డు చేసి పంపుతారు. వాటిని చెవుల్లో పెట్టుకుని విని, అర్థమయ్యేలా రాసి పంపాలి. ల్యాప్‌టాప్ ఆసుపత్రి వాళ్లదే. ఇచ్చేటప్పుడు సంతకం చేయించుకున్నారు: ఇందులో మాట ఒక్కటి బయటకు పొక్కకూడదు, అడగకుండా కొత్త ప్రోగ్రాం ఏదీ పెట్టకూడదు, పెడితే పని పోయినట్టే. ఎవరికి ఏ రోగమో, ఎవరికి పిల్లలు ఎందుకు పుట్టడం లేదో అన్నీ ఆమె చెవిలోనే ఉంటాయి. పక్క మంచం మీద కూర్చునే అత్తగారు ఎంత తిప్పి తిప్పి అడిగినా ఆమె నోరు మెదపలేదు.

సోమవారం పొయ్యి కట్టేసి వచ్చేసరికి యంత్రం బుసకొడుతోంది. లోపలి ఫ్యాను గిర్రున తిరుగుతోంది. తెర మూలన చిన్న పెట్టె తెరుచుకుని, అందులో ఫైళ్ల పేర్లు ఒకదాని వెంట ఒకటి పరిగెడుతున్నాయి. అన్నీ ఆమె టైపు చేసిన రోగుల పేర్లే. మౌసు ముట్టుకుంది. పెట్టె మాయమైంది. ఫ్యాను కూడా, ఏమీ ఎరగనట్టు, నెమ్మదించింది.

యాంటీవైరస్ స్కాన్ అయ్యుంటుందనుకుంది. తెరిచి చూస్తే స్కాన్ ఆదివారం పొద్దున మాత్రమే అని ఉంది. అనుమానం తీరక అది కూడా ఆపేసింది. మంగళవారం స్నానం చేసి వచ్చేసరికి మళ్లీ అదే బుస. బుధవారం ఇంటర్నెట్ తీగ పీకేసింది. బట్టలు ఆరేసి వచ్చేసరికి మళ్లీ మొదలైంది. ఆమె కూర్చుంటే ఏమీ ఉండదు. లేస్తేనే వస్తుంది. ఎవరో లోపల కూర్చుని, కుర్చీ ఎప్పుడు ఖాళీ అవుతుందా అని కనిపెట్టుకుని ఉన్నట్టు.

కెమెరా మీద గాయాలకి వేసే ప్లాస్టరు ముక్క అంటించింది. ఆ తర్వాత తప్పనిసరైతే తప్ప లేవడమే మానేసింది. వంటింట్లో రెండు గిన్నెలు మాడాయి. మంచినీళ్లు కూడా అత్తగారినే అడిగి తెప్పించుకుంటుంటే, మోకాళ్ల నొప్పి నీకా నాకా అని ఆవిడ అడిగింది.

భర్త కుర్చీ వెనకనుంచి తీర్పు చెప్పేశాడు.

"నువ్వే ఏదో లింకు నొక్కుంటావు."

ఆమె నొక్కింది మరి. పది రోజుల కిందట, పార్సెల్ వచ్చిందని మెసేజ్ వస్తే, ఆర్డరేమీ పెట్టకపోయినా ఆశకొద్దీ నొక్కింది. ఏమీ తెరుచుకోలేదు. తెరుచుకోలేదనుకుంది గానీ, ఏం తెరుచుకుందో ఎవరికి తెలుసు? ఆ రోగుల గుట్లన్నీ ఎవరి చేతిలో పడ్డాయో. ఈ మాట ఎవరికీ చెప్పలేదు.

శుక్రవారం మధ్యాహ్నం రెండున్నరకి ఒక రిపోర్టు మాయమైంది.

మర్నాడు ఆపరేషన్ ఉన్న రోగిది. ఆ మనిషికి ఒక మత్తుమందు పడదు, పోయినసారి ఊపిరి ఆగినంత పనైంది. ఆ సంగతి రాసి, ఒక్కసారి ముఖం కడుక్కుని వచ్చేసరికి ఫైలు లేదు. టైపు చేసిన వెంటనే రికార్డింగు తీసేయాలన్నది ఆసుపత్రి నియమం, ఎప్పట్లాగే తీసేసింది. చెప్పిన డాక్టరు సాయంత్రందాకా ఆపరేషన్ గదిలోనే. మత్తు డాక్టరు నాలుగింటికి రిపోర్టులు చూస్తాడు. మందు పేరు గుర్తుందా అంటే ఉంది. కాకపోతే రెండు పేర్లు గుర్తున్నాయి. రెండూ కవలపిల్లల్లా ఉంటాయి. అందులో ఏది?

సెలవు పెట్టి ఇంట్లో ఉన్న భర్త వెనకనుంచి, ఆసుపత్రికి ఫోన్ చేసి నువ్వు చేసిన నిర్వాకం ఒప్పేసుకో, దాస్తే ఇంకా ముప్పు అన్నాడు. ఆమె గడియారం వైపు చూసింది. తన పని సంగతి పోనీ, ఆ మనిషికి పొద్దున తప్పు సూది పడితే?

మంచం మీద కాలు చాపి, దించి, వ్యాయామం చేస్తున్న అత్తగారు అప్పుడు నోరు విప్పింది.

"అమ్మాయ్, వాడెవడో గానీ లెక్క తెలిసినవాడు. నువ్వు లేచిన దగ్గర్నుంచి నేను మోకాలికి లెక్కపెడతానా, మూడో వంద అయ్యేసరికి బుస మొదలవుతుంది. ఐదు రోజులుగా అంతే. దొంగైతే రోజూ అదే లెక్కకి వస్తాడా?"

ఆమె అత్తగారి వైపు చూసి, ఆసుపత్రి కంప్యూటర్ల విభాగానికి ఫోన్ చేసింది. స్పీకరులో పెట్టి బల్ల మీద ఉంచింది. పార్సెల్ లింకుతో సహా అన్నీ చెప్పేసింది. అవతల ఇంజనీరమ్మ గొంతు నెమ్మదిగా ఉంది. ఆ లింకు వల్ల ఇలా జరగదంది. గడియారం పక్కన ఉన్న బాణం నొక్కి, డాలు బొమ్మలు ఎన్ని ఉన్నాయో చెప్పమంది.

"రెండు. ఒకటి ఆకుపచ్చ, ఒకటి నీలం."

"మేమిచ్చింది ఆకుపచ్చదొక్కటే."

నీలం డాలు ఇంకో యాంటీవైరస్. ఐదు నిమిషాలు ఎవరూ ముట్టుకోకపోతే స్కాన్ మొదలుపెట్టమని, చెయ్యి పడగానే ఆపమని దానికి ఎవరో చెప్పిపెట్టారు. పైగా రెండు కాపలాలు ఒకేచోట ఉంటే ఒకదాన్నొకటి అనుమానిస్తాయట. టైపు తొందరగా అవ్వాలని ఆమె రిపోర్టుల్లో ఒక ఏర్పాటు చేసుకుంది, రెండక్షరాలు కొడితే వాక్యం మొత్తం పడేలా. నీలం డాలు దాన్ని వైరస్ అనుకుని రిపోర్టునే ఎత్తుకెళ్లి బంధించింది. క్వారంటైన్ అని ఉన్నచోట నొక్కమంది ఇంజనీరమ్మ. నొక్కింది. ఫైలు అక్కడే ఉంది.

తిరిగి రప్పించి, ముందు మందు పేరు చదివింది. కవలల్లో ఆమె అనుకున్నది కాదు, రెండోది. రిపోర్టు మూడూ నలభైకి వెళ్లింది. అందిందని జవాబొచ్చేదాకా కుర్చీ చేతులు వదల్లేదు.

"ఇక ఒక్కటుంది," అంది ఇంజనీరమ్మ. "ఈ నీలంది ఎవరు పెట్టారో నేను రాయాలి. పోయిన ఆదివారం పదకొండింటికి పెట్టినట్టుంది. మీరే పెట్టుంటే రూలు మీకు తెలుసు కదా. ఈ రోజుతో పని ఆపేయాలి."

ఆ ఆదివారం ఆమె అక్క ఇంట్లో ఉంది. అత్తగారికి ఆ యంత్రం ఎటు తెరుచుకుంటుందో కూడా తెలియదు. అత్తగారి కాలు గాల్లోనే ఆగిపోయింది. ఇంజనీరమ్మ మరోసారి అడిగింది.

భర్త కప్పు కింద పెట్టి ఫోన్ మీదకి వంగాడు.

"పెట్టింది నేనమ్మా. మా గోదాంలో ప్రతి తలుపుకీ రెండు తాళాలు, తాళంచెవులు ఇద్దరి దగ్గర. అక్కడి అలవాటు ఇక్కడా చూపించాను. ఈవిడ లేనప్పుడు పెట్టాను, చెప్పలేదు. బుధవారమే అనుమానం వచ్చింది నాకు, దీనివల్లేనేమోనని. అయినా నువ్వే ఏదో నొక్కావన్నాను. ఐదు రోజులు భయంతో చచ్చింది. రాసుకోండి. తప్పు తనది కాదు, నాది."