లారీలెక్కిన బొమ్మలు

నేను వంటింట్లో దాచిన బొమ్మ, కింద నా చేతిరాతతో సహా, హైవే పక్కన ఆగిన లారీ అద్దానికి అతికించి ఉంది.

బడికి టైమవుతోంది. అయినా దగ్గరికి వెళ్లి చూశాను. అదే దున్నపోతు. పశువుల దాణా ప్రకటనలోంచి నేనే కత్తిరించాను. బురదలో మెడదాకా మునిగి, కళ్లు సగం మూసుకుని ఉంటుంది. కింద నేను రాసిన మాట: "పొద్దంత కుర్సీల కూసొని అఆలు చెప్పొస్తవు. నీకు అలసటెక్కడిది?"

డ్రైవరు చాయ్ గ్లాసుతో వచ్చి నవ్వాడు. "ఏం టీచరమ్మా, మంచిగుందా? జహీరాబాద్ నుంచి బీదర్ దాక ఇదే నడుస్తుంది. హుమ్నాబాద్‌ల ఒకడు రాత మార్చి వాళ్ల సేటు మాట వెట్టిండు. ఇంకోడు దున్నపోతును తీసి గాడిదను అతికిచ్చిండు."

"నీకెవరిచ్చిన్రు?"

"మల్లప్ప అని, మా తోటి డ్రైవరు. వానికెవరిచ్చిన్రో నాకేం ఎరుక?"

పెళ్లయిన కొత్తలో, పక్కింటామెతో రెండు మాటలు చెప్పుకున్నానని మా ఆయన మదన్‌మోహన్ అన్నది ఇప్పటికీ చెవిలోనే ఉంది. "ఇంకోపారి ఇంటి ముచ్చట బజార్ల వడితె నీ నౌకరి బంద్." ఇప్పుడు పడింది బజార్లో కాదు, ఏకంగా బొంబాయి రోడ్డు మీద. ఆ నౌకరి పోతే నాకేం మిగులుతుంది? రోజు మొత్తంలో నన్ను భాగీరథి అని పేరుపెట్టి పిలిచే చోటు అదొక్కటే.

ఈ పని మొదలైంది కిందటేడు, ఎనభై మూడులో. పిల్లలకు చార్టు చేయగా పాత వారపత్రికల బొమ్మలు, గిన్నెలో కాస్త మైదా జిగురు మిగిలాయి. ఆ రోజు నాలుగింటికి లేచి జొన్నరొట్టెలు చేసి, నీళ్లు మోసి, బడిలో అరవై మందిని సముదాయించి, తిరిగొచ్చి అంట్లు తోముతూ "నడుము నొస్తుంది" అన్నాను. జవాబుగా వచ్చిందే ఆ కుర్చీ మాట. మా ఆయనకు బదులు చెప్పలేకపోయాను. దున్నపోతుకు అతికించాను. చూసి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వాను. తర్వాత నోరు తెరిచిన మొసలి చేత "గివాళ గూడ పప్పేనా?" అనిపించాను. మా హెడ్మాస్టరు మహాదేవప్పగారు నెమలయ్యారు. "భాగీరథమ్మా, ఆడోళ్లు పోస్తెనె చాయ్‌కి రుచి." ఒక్కొక్కటీ మరమరాల డబ్బా అడుగున చేరింది.

ఇప్పుడు చూస్తే అందులో దున్నపోతు లేదు. ఆ డబ్బా ఎవరు తెరిచారు?

వారం రోజులు అందరినీ దొంగల్లాగే చూశాను. మహాదేవప్పగారు నన్ను చూసి కాస్త ఎక్కువ నవ్వినట్టనిపించింది. ఆ దున్నపోతు బొమ్మ చార్టుల్లో కలిసి బడికి పోయిందేమో? మా అత్త బసమ్మకు చదువు రాదు. కానీ ఎవరికైనా ఇచ్చి చదివించుకోవచ్చుగా? నేను మూడోసారి డబ్బా తీసేసరికి అరుగు మీంచే అడిగింది.

"అండ్ల ఎలుకలు వడ్డయా పిల్లా? దినాం గన్నిసార్లు చూస్తున్నవ్!"

ఆ గొంతులో ఏదో ఉందనుకున్నాను. మా ఆయన్ని మాత్రం లెక్కలోకి తీసుకోలేదు. రోడ్డు మీది లారీ ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో గుమాస్తా. ఇంటికొస్తే కుర్చీలోంచే నీళ్లడిగే మనిషి. వంటింటి గడప ఆయన దాటగా నేను చూడలేదు.

చివరికి వల పన్నాను. రెండు కొత్త బొమ్మలు చేశాను. ఒకటి కొంగ. "మేడమ్, జర గ్లాసులు గూడ మీరే కడగండి." దాన్ని బడి బీరువాలో పెట్టాను. రెండోది మెడలో తువాలున్న సింహం. "నా తువాల ఏడ వెట్టినవే?" అది ఇంట్లో మరమరాల కింద.

నాలుగో రోజు పొద్దున చెరకు లారీ మీద సింహం నన్ను దాటి వెళ్లింది.

అయితే దొంగ ఇంట్లోనే ఉన్నాడు. ఆదివారం మధ్యాహ్నం జొన్నల గంప నెత్తిన పెట్టుకుని, పిండి గిర్నీకి పోతున్నానని అందరికీ వినపడేలా చెప్పాను. సందు మలుపు దాకా పోయి వెనక్కి తిరిగాను. అత్త అరుగు మీద గుర్రు పెట్టి నిద్రపోతోంది. వంటింట్లో డబ్బా మూత చప్పుడైంది.

గొంతుక్కూర్చుని, మోచేతి దాకా చెయ్యి మరమరాల్లో పెట్టి ఉన్నాడు మదన్‌మోహన్.

నౌకరి పోయిందనుకున్నాను. రేపు బడికి కబురు పంపిస్తాడు, ఆమె రాదని. గంప దించడం కూడా మరిచి అలాగే నిలబడ్డాను. ఆయన మాత్రం నన్ను తిట్టలేదు. పిల్లాడిలా తల గోక్కున్నాడు. చేతికంటిన మరమరాలు జుట్టులోకి ఎక్కాయి.

"ఇగ దాసుడెందుకు, నేనే తీసిన. ఒక దినం నువ్వు బడికి పోయినవ్, అమ్మ ఝరాసంగం గుడికి పోయింది. ఆకలైతె ఈ డబ్బ తెరిచిన. ఆఫీసుల చూపెడితె పడిపడి నవ్విన్రు. ఎవరు చేసిన్రంటె నేనే అన్న. డ్రైవర్లు గుంజుకపోయిన్రు. ఇప్పుడు మేనేజర్ గూడ అడుగుతున్నడు, ఈ వారంది ఏదని."

గంప దించాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"అవి ఎవరి మాటలనుకున్నరు?"

"నాకేం ఎరుక? మీ బళ్లె ఇంకో టీచరమ్మ మొగడెవడో అని ఉంటడు. ఒట్టు భాగీరథీ, తీసింది నేనే, అందరికన్న ఎక్కువ నవ్వింది గూడ నేనే. గసొంటోనితోని వాని పెండ్లాం ఎట్ల ఏగుతుందో, పాపం అనుకున్న."