భూమవ్వ మొక్కు, ఉమారాణి ఒక్కపొద్దు

"గోలీ ఏసుకున్నవా?" అని నాగేందర్ అడిగేసరికి ఉమారాణి చేతిలో చీపురు ఆగిపోయింది. పెళ్లయి ఇరవై మూడేళ్లు, షుగర్ వచ్చి ఆరేళ్లు. మొగుడి నోటి వెంట ఆ మాట రావడం ఇదే మొదలు. అడగడమే కాదు, ఒక చేతిలో గోలీ, ఇంకో చేతిలో గ్లాసెడు నీళ్లు పట్టుకుని ఎదురుగా నిలబడ్డాడు. ఈ ఇంట్లో మంచినీళ్లు ఆమె చేతి నుంచి ఆయన చేతికి పోవడమే గానీ, అటునుంచి ఇటు వచ్చింది ఏనాడూ లేదు.

ఆ రోజు మంగళవారం, ఆమెకు ఒక్కపొద్దు. సాయంత్రం దీపం పెట్టేదాకా మెతుకు ముట్టకూడదు. ఒక్కపొద్దు ఆమెదే గానీ మొక్కు ఆమెది కాదు. బోధన్‌లో వాళ్ల కులసంఘానికి అధ్యక్ష ఎన్నిక వచ్చింది, నాగేందర్ నిలబడ్డాడు. అత్త భూమవ్వ ఎల్లమ్మ గుడికి పోయి, "తల్లీ, నా కొడుకును గెలిపియ్యి. మా కోడలు తొమ్మిది మంగళవారాలు ఒక్కపొద్దుంటది" అని దండం పెట్టి వచ్చింది. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టని సామెత. ఇక్కడ కోడలి కడుపును అత్త దానం చేసింది. ఆ ఒక్కపొద్దేదో కొడుకే ఉండొచ్చు కదా అంటే, ఆయనకు గ్యాసట, ఆకలికి ఆగలేడట.

మరి ఒక్కపొద్దు నాడు పనికేమైనా సెలవుందా? ఇల్లు కడగాలి, ఆయనకు ఉప్మా చేయాలి, అత్తకు జొన్నరొట్టె కొట్టాలి, ఆపైన వెయ్యి బీడీలు చుట్టాలి. ఉప్పు చూడకుండా కూర వండాలి, ఉప్పు తక్కువైతే మాటా పడాలి. గోలీ సంగతి అడిగితే భూమవ్వ ఒక్క ముక్కలో తేల్చేసింది. "మందుకు ఎంగిలేంది? ఏసుకో. గదేమన్న అన్నమా?" సరేనని ఉమారాణి పొద్దున్నే గోలీ మింగేది, అన్నం మానేసేది. తప్పు తనలోనూ ఉంది. అత్త చెప్పిందే గానీ డాక్టర్ని అడగలేదు.

మొదటి రెండు వారాలూ కళ్లు తిరిగినా నెట్టుకొచ్చింది. మూడో మంగళవారం మధ్యాహ్నం, బీడీల చాట ఒడిలో ఉండగానే వేళ్లు వణకడం మొదలైంది. దారం ముడి పడలేదు. ఒళ్లంతా చెమట. తల అటూ ఇటూ ఊగింది, నోట్లో మాట తడబడింది. అంతే, భూమవ్వ లేచి కేక పెట్టింది. "అమ్మవారొచ్చింది! నా కోడలి మీదికి తల్లి వచ్చింది!" పసుపు పూశారు, వేపమండలు తెచ్చారు, వాకిట్లో జనం పోగయ్యారు. "తల్లీ, నా కొడుకు గెలుస్తడా?" అని భూమవ్వ చేతులు జోడించింది. ఉమారాణికి గుర్తున్నది ఒక్కటే. నాలుక పిడచకట్టి "నీళ్లు… నీళ్లు…" అంది. "తల్లి సాక అడుగుతున్నది!" అని భూమవ్వ చెంబెడు నీళ్లు తెచ్చి, అమ్మవారికి ఆరబోసినట్టు ఆమె ముందు నేల మీద ధారగా పోసింది. నీళ్లడిగిన మనిషి చూస్తుండగానే ఆ నీళ్లు గచ్చు మీద పారిపోయాయి.

పక్కింటి రుక్మాబాయి లేకపోతే ఆనాడే అయిపోయేది. ఆమె కూడా బీడీలు చుట్టేదే, ఆమెకూ షుగరే. "అగ బాయీ, అమ్మవారు లేదు, గిమ్మవారు లేదు, జరుగుండ్రి!" అని జనాన్ని తోసుకుని వచ్చి చక్కెర నీళ్లు కలిపి కొంచెం కొంచెంగా తాగించింది. కాసేపటికి అమ్మవారు దిగింది.

రుక్మాబాయి పోరు పడలేక మర్నాడు నాగేందర్ ఆమెను నిజామాబాద్ తీసుకుపోయాడు. డాక్టరమ్మ ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పింది. "ఒక్కపొద్దు ఉండాల్నంటే ముందు నన్నడగాలె. ఉండొచ్చో లేదో చూస్త, గోలీ మారుస్త. గీ గోలీ ఏసుకొని తినకుంటె షుగర్ పడిపోతది. నిన్న వచ్చింది గదే. చెమట పట్టి వణుకొస్తె టైం సూడకు, చక్కెర నోట్లె ఏసుకొని ఒక్కపొద్దు ఇడిచిపెట్టు. లేకుంటె కోమాలకు పోతవు, పానానికే మోసం." నాగేందర్ బుద్ధిగా తలాడించాడు.

బస్సు దిగేసరికి ఆ తల ఇంకో లెక్క వేసుకుంది. "మా ఇంట్ల అమ్మవారే పలికింది, నేనే గెలుస్తనంట" అని వారమంతా ఊరంతా చెప్పుకున్నాడు. ఈ మంగళవారం సంఘం పెద్దలను ఇంటికి పిలిచాడు, కళ్లారా చూడమని.

అదిగో, వాళ్లు వచ్చి బయటి గదిలో కూర్చున్నారు. అందుకే ఆయన చేతిలో గోలీ ఉంది.

"డాక్టరమ్మ ఏం జెప్పింది? యాదికి లేదా?" అంది ఉమారాణి మెల్లగా.

"గీ ఒక్క వారమే. జెర వణికితె చాలు. రుక్మాబాయి ఉంటది గద, చక్కెర పోస్తది" అన్నాడు నాగేందర్, బీడీ కట్ట అందుకున్నంత తేలిగ్గా.

ఆమెకు ముందు భయమేసింది. మరిచిపోయి అడిగాడనుకుంటే బాగుండేది. ఈయన మరవలేదు. అన్నీ తెలిసే తెచ్చాడు. ఇన్నేళ్లూ మొగుడు తన రోగం పట్టించుకోలేదని ఏడ్చింది. పట్టించుకుంటే ఇట్లా ఉంటుందన్నమాట. భయం పోయి ఒళ్లంతా కోపం నిండింది, ఆ కోపం ఆమెకు ఎంతో హాయిగా అనిపించింది. గోలీ తీసుకుని గుప్పిట్లో పెట్టుకుంది. నీళ్ల గ్లాసూ తీసుకుంది. వంటింట్లోకి పోయి, పెద్దల కోసం వండిన అన్నం, పప్పు కంచంలో నిండుగా పెట్టుకుని, బయటి గదిలో అందరి నడుమ మఠం వేసుకుని కూర్చుంది.

మొదటి ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంది. సంఘం పెద్ద దశరథం నోరు తెరిచాడు. "ఏందమ్మా, అమ్మవారు ఒంటి మీదికొస్తదంటె మేమొస్తిమి…"

"అమ్మవారు రాలే పెద్దబాపు, పోయిన వారం గూడ రాలే. ఆకలొచ్చింది." ఇంకో ముద్ద కలిపింది. "తినకుండ గీ గోలీ మింగితె ఎవ్వలైనా గట్లనే వణుకుతరు. పానమే పోతదని డాక్టరమ్మ ఈయన ముంగటనే చెప్పింది. ఇప్పుడు లోపల గోలీ చేతికిచ్చి, 'జెర వణికితె చాలు' అన్నడు. మీ ఓటు మీ ఇష్టం. నేనైతె చెప్పిన."

నాగేందర్ మొహం మాడిపోయింది. "దీనికి మతి పోయింది" అని నవ్వబోయాడు. ఎవరూ నవ్వలేదు. దశరథం చెప్పుల కోసం వెతుక్కుంటూ లేచాడు, మిగతా వాళ్లూ లేచారు. భూమవ్వ గుండెలు బాదుకుంది. "మొక్కు చెడగొడ్తివి గదనే! అమ్మ ఊకుంటదా? ఇల్లు పట్టుకొని ఊడుస్తది!"

ఉమారాణి కంచంలో చివరి మెతుకు దాకా తిన్నది. గోలీ నోట్లో వేసుకుని నీళ్లు తాగింది. చేయి కడుక్కుని వచ్చి అత్త ముందు నిలబడింది.

"కడుపు నాది, అత్తమ్మా. ఇగ దీని మీద మొక్కాల్నంటె ముందు నన్నడుగుండ్రి. నేను వద్దంటె, గా మొక్కు మొక్కినోల్లదే."