కుంటిబల్ల

ఈ రంపం చప్పుడు ఆయనకు వినపడుతూనే ఉంటుంది, వినపడక ఎక్కడికి పోతుంది, మధ్యన ఉన్నది ఒక్క మట్టిగోడ, గోడకవతల మంచం మీద అటు తిరిగి పడుకున్న హజరత్తయ్య, ఇవతల వసారాలో చెంగు నడుముకు బిగించి, తిరగేసిన బల్ల కాలును మోకాలితో అదిమిపట్టి కోస్తున్న ఆయన పెళ్ళాం ఆదిశేషమ్మ, కాలు, ఆ మాట మనసులోకి రాగానే రంపం ఆగిపోయింది, కాలు తీసెయ్యాలమ్మా లేకపోతే మనిషి దక్కడు అని నెల్లూరు ఆసుపత్రిలో డాక్టరు అన్నప్పుడు కూడా ఆమె ఇట్లాగే బిగుసుకుపోయింది, నారుమడిలో దిగిన తుమ్మముల్లు, ముల్లే గదా అని ఆయన నవ్వాడు, పసుపు పెట్టి కట్టింది, పాదం వాచింది, నల్లబడింది, దొరవారిసత్రం స్టేషనులో రైలెక్కించేనాటికి కంపు కొట్టింది, రైలుపెట్టెలో అందరూ చైనా యుద్ధం గురించి మాట్లాడుకుంటున్నారు, తిరుగు రైల్లో ఆయన పంచె ఒకపక్క ఖాళీగా గాలికి ఎగురుతుంటే ఆమె దాన్ని చేత్తో అణిచిపట్టుకుని ఊరిదాకా వచ్చింది.

ఇప్పుడు తిండి మానేశాడు, ఇంటికొచ్చిన మర్నాడు నేల మీద కూర్చోబోయి ఒరిగి అన్నం కంచం మీదనే పడ్డాడు, కూతురు ఇందిరమ్మ చూసింది, అప్పట్నుంచి మంచం దిగడు, పెట్టిన కంచం పెట్టినట్టే ఉంటుంది, నిన్న మంచినీళ్ళు కూడా వద్దన్నాడు, నాకెందుకే కూడు, దున్నేదా కోసేదా, ఆమెకు ఎటూ పాలుపోలేదు, అప్పుడు గుర్తొచ్చింది ఆసుపత్రి నర్సు ఎలిశబెతమ్మ ఇంట్లో చూసిన బల్ల, కుర్చీల్లో చుట్టూ కూర్చుని తింటారు, బల్ల కింద ఎవరి కాళ్ళు ఎట్లా ఉన్నాయో ఎవరూ చూడరు, మంచం ముందు అట్లాంటిదొకటి వేస్తే ఆయనా కూర్చుని తింటాడు, వడ్రంగి పోలేరయ్య దగ్గరికి పరుగెత్తింది, కోతలయ్యాక చేసిపెడతాలే అక్కా అన్నాడు, కోతలదాకా మనిషి ఉండొద్దా, రంపం, బాడిశ ఇయ్యి పోలేరయ్యా, నేనే చేసుకుంటా, కొట్టంలో తలుపుకని దాచిన వేప పలకలున్నాయి, పాత బండికర్రలున్నాయి, మేకులు వంకరపోయాయి, బొటనవేలు చితికింది, చివరికి నిలబెడితే బల్ల నిలబడింది, ఆమెకు ప్రాణం లేచొచ్చింది, చెయ్యి ఆనిస్తే ఒక మూలకు ఒరిగింది, ఒక కాలు పొట్టి.

దానికి సమంగా మిగతావి కోసింది, ఈసారి ఇంకోటి పొట్టి, మళ్ళీ కోసింది, మళ్ళీ ఒరిగింది, ఇంకొంచెం, ఇంకొంచెం, బల్ల కిందికి దిగిపోతున్నది, రంపంపొట్టు కళ్ళల్లో పడి నీళ్ళు కారుతున్నాయి, పొట్టుకేనా, తల్లీ చెంగాళమ్మా, ఒక్క పూట, ఒక్క ముద్ద ఆయన నోట్లోకి పోనీ తల్లీ, కర్రలు మిగలకపోయినా సరే, రంపం ఆపితే లోపల ఊపిరి వినపడుతుందేమో, వినపడకపోతేనో, ఆ భయానికి ఇంకా గట్టిగా కోసింది.

ఏమే, ఇంక కోయబాక.

ద్వారబంధం పట్టుకుని ఒంటికాలి మీద ఆయన, ముఖమంతా చెమట, మంచం దగ్గర్నుంచి ఎట్లా వచ్చాడో, పడతావు మామా అంటూ లేవబోయింది, కూచో, పడితే లేస్తాలే, ఏందే నువ్వు చేసే పని, పొట్టిది ఒకటైతే దాని కింద చెక్కముక్క ఎయ్యాల, బాగుండే కాళ్ళన్నీ నరికి దానికి సమం చేస్తారా ఎవురన్నా, ఆ మాట వినగానే ఆమె చేతిలోని రంపం జారింది, నాన్న ఎదుట పరిగెత్తబాక అని ఇందిరమ్మను కసిరింది తనే, బిడ్డ గోడవారగా నక్కి నడుస్తున్నది, చూడ్డానికొచ్చినవాళ్ళను వాకిట్లోనే ఆపి పైరు మాట ఎత్తొద్దని చెప్పింది తనే, ఎంత మందం ఎయ్యాల మామా అని అడిగింది, రెండు వేళ్ళ మందం చాలు, ఆ వేపముక్క తీసుకురా, నేను చెక్కతా, అంటూ ఆయన గోడ పట్టుకుని బాడిశ కోసం చెయ్యి చాచాడు, ఇస్తూ ఇస్తూ ఆమె ఆగిపోయింది, ఆసుపత్రి నుంచి వచ్చాక ఆయన్ను తను సలహా అడగడం ఇదే మొదలు, ఇన్నాళ్ళూ తినమనడం, పడుకోమనడం, కదలొద్దనడం, అంతే, డాక్టరు తీసేసింది ఒక్క కాలు, మిగతా మనిషిని మంచాన పెట్టింది తను.