రొట్టెలతో వడ్డించిన సాక్ష్యం

హోబర్ట్ స్టాంపర్ అడవిలో దొరికే జిన్సెంగ్ మందు వేరును కళ్ళతో కాదు, బొటనవేలి గోటితో కొనేవాడు. గోరు దిగితే పచ్చిది, ధర తక్కువ. గోరు జారితే ఎండినది, పూర్తి ధర. అమెరికాలో కెంటకీ కొండల్లో అతను ఆ వేర్ల కొట్టు పెట్టి ముప్పై ఏళ్ళు దాటింది. ఇన్నేళ్ళలో తడి వేరును ఎండు వేరని అతనికి అంటగట్టినవాడు లేడు. బదులుగా ఏమొస్తుందో చూసుకోకుండా అతని చేయి దాటిపోయిన సరుకూ లేదు. అలాంటి మనిషి ఒక ఉదయం తన ఇంటి వసారాలో, ముక్కూ మొహం తెలియని ఇద్దరికి, తన దగ్గరున్న అన్నిటికన్నా విలువైన సరుకును ఊరికే ఇచ్చేశాడు. పైగా వేడి రొట్టెలు పెట్టి మరీ ఇచ్చాడు.

ఆ ఉదయం బూడిద రంగు కారొకటి వచ్చి, ఇంటికి ఆనుకుని ఉన్న కొట్టు ముందు ఆగింది. ఇద్దరు దిగారు. అడవి మొక్కల వ్యాపారం మీద నిఘా ఉంచే ఫెడరల్, అంటే కేంద్ర ప్రభుత్వ, అధికారులమని చెప్పి గుర్తింపు కార్డులు చూపించారు.

"రెండు మాటలు మాట్లాడి వెళ్ళిపోతాం అయ్యా," అన్నాడు పెద్దవాడు.

"రెండు కాకపోతే నాలుగు మాట్లాడండి. ముందు కూర్చోండి. డెల్ఫియా! ఇద్దరొచ్చారే, కాఫీ పెట్టు," అని భార్యను కేకేశాడు హోబర్ట్.

అక్కడి పద్ధతి అది. గొడవ ఏదైనా వసారాలోనే తేలిపోవాలి. ఓట్లతో గెలిచే జిల్లా పోలీసు పెద్ద, షెరీఫ్, వచ్చినా అంతే. ఆయన తినేసి, మూతి తుడుచుకుని, "ఇంకోసారి ఇలా చెయ్యకు హోబర్ట్," అని వెళ్ళిపోయేవాడు. ఈ ఇద్దరూ కూడా అలాంటివాళ్ళేనని హోబర్ట్ అనుకున్నాడు. షెరీఫ్‌కు ఆ లోయలో ఓట్లు కావాలి. వీళ్ళకు అక్కడ కావలసింది వేరే ఉంది.

డెల్ఫియా వేడి రొట్టెలూ, వెన్నా, జొన్న పాకమూ తెచ్చి పెట్టింది. చిన్నవాడు తింటూ తింటూ ఒడిలో పుస్తకం తెరిచాడు.

"ఆగస్టులో వెర్నా కూంబ్స్ దగ్గర వేర్లు కొన్నారా?" అని అడిగాడు పెద్దవాడు, పాకం గిన్నె దగ్గరికి జరుపుకుంటూ.

ఆ మొక్క కాయలు పండి ఎర్రబడేదాకా, అంటే సెప్టెంబరు వచ్చేదాకా, ఆ వేరును తవ్వకూడదు, కొనకూడదు. చట్టం అలా ఉంది. ఆ లోయలో ఆగస్టులో తవ్వని ఇల్లు మాత్రం లేదు. వెర్నా మొగుడు బొగ్గు గనిలో ఊపిరితిత్తులు పోగొట్టుకుని, ఏడాది పాటు మంచంలో ఎగశ్వాస తీసి పోయాడు. ఆగస్టులో ఆమె ఇంటికి కరెంటు కోసేశారు. ఆమె సంచి నిండా లేత వేర్లు తెచ్చి, "తీసుకో అన్నా, నీకు పుణ్యముంటుంది," అంది. హోబర్ట్ తీసుకున్నాడు. జాలితో తీసుకున్నాడు, తక్కువకు వచ్చాయి కాబట్టి కూడా తీసుకున్నాడు. ఆ రెండూ ఒకే బేరంలో కలిసి రావడం వ్యాపారికి కొత్త కాదు.

ఇప్పుడు అవునంటే వెర్నాను పట్టుకుపోతారు. అతనికి తోచింది అదొక్కటే.

"వెర్నానా? లేదు బాబూ. మోకాళ్ళ నొప్పులతో గడప దాటడమే గగనం ఆవిడకి. కొండెక్కి ఏం తవ్వుద్ది?" అని నవ్వాడు.

చిన్నవాడు రాసుకున్నాడు. ఇద్దరూ డెల్ఫియాకు దండం పెట్టి, రొట్టెలు బాగున్నాయని చెప్పి వెళ్ళిపోయారు.

డెల్ఫియా కప్పులు తీస్తూ, "ఏమయ్యా, లాయరుకి ఫోన్ చెయ్యి," అంది.

"ఎందుకే? నన్నేమన్నా అన్నారా?"

"అనలేదు కాబట్టే చెయ్యమంటున్నా. కప్పులో కాఫీ చల్లారిపోయినా వాడి రాత ఆగలేదు, చూశావా?"

అప్పటికే సంగతి తెలిసి డెల్ఫియా తమ్ముడు ఎల్బర్ట్ వచ్చాడు. చర్చిలో సంఘ పెద్ద. అతని మాటకు లోయలో విలువ ఎక్కువ.

"లాయరు దగ్గరికి పోతే తప్పు ఒప్పుకున్నట్టే బావా. నిజాయితీపరుడికి లాయరెందుకు? మన తాతలెప్పుడైనా పోయారా? నువ్వే వాళ్ళ ఆఫీసుకెళ్ళి తేల్చుకురా. మగాడిలా కళ్ళలోకి చూసి చెప్పు, అయిపోద్ది."

"నువ్వు ఆగస్టులో తెచ్చిన వేర్ల మూట సంగతి కూడా చెప్పమంటావా?" అంది డెల్ఫియా.

ఎల్బర్ట్ మొహం చిట్లించాడు. "అక్కా, నీకన్నీ వెటకారాలే."

పాఠకులారా, హోబర్ట్ భార్య మాట వినలేదు. లాయరు గుమ్మం తొక్కాడని లోయలో పది నోళ్ళు ఆడతాయని భయపడ్డాడు. జైలు కన్నా ఆ పది నోళ్ళే అతనికి పెద్దవిగా కనిపించాయి. మర్నాడు ఇస్త్రీ చొక్కా వేసుకుని వాళ్ళ ఆఫీసుకు వెళ్ళి, ఎవరూ పిలవకుండానే కూర్చుని, మొదటి అబద్ధానికి దన్నుగా ఇంకో రెండు చెప్పి, కింద సంతకం చేసి వచ్చాడు. దారిలో ఎల్బర్ట్ పిల్లలకు మిఠాయి కూడా కొన్నాడు.

మంచు పడే రోజుల్లో ఆ అధికారులు మళ్ళీ వచ్చి హోబర్ట్‌కు కొట్లోనే సంకెళ్ళు వేశారు. వేర్లు అమ్ముదామని వచ్చిన ముగ్గురు చూస్తూ నిలబడ్డారు. "ఏదో లేకపోతే ఎందుకొస్తారు?" అని ఒకడు అన్నది హోబర్ట్‌కు వినబడింది. ఆ మాట అన్నది నిన్నటిదాకా అదే కొట్లో అప్పుకు ఉప్పు తీసుకెళ్ళినవాడే.

బెయిలు మీద బయటికొచ్చాక లాయరును పెట్టుకున్నాడు. రోజలిండ్ టీగ్ అని, అరవై దాటిన మనిషి. మాట కటువు. కాగితాలన్నీ చదివి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"మీ మీద రెండు రకాల నేరాలు మోపారు. ఒకటి, అకాలంలో తవ్విన వేర్లు కొని పక్క రాష్ట్రానికి అమ్మారని. ఆగస్టులో గడ్డాలాయన ఒకడు టెన్నెసీ నుంచి వచ్చి కొనలేదూ?"

"వచ్చాడు లాయరమ్మా. మంచి మనిషి. నాతో కూర్చుని భోంచేశాడు."

"ఆయన వాళ్ళ మనిషే. బొత్తంలో మైకు పెట్టి అంతా రికార్డు చేశాడు."

హోబర్ట్ చెయ్యి తన చొక్కా బొత్తం మీదికి పోయింది.

"కంగారు పడకండి. ఆ రికార్డులో మీరు వద్దని రెండుసార్లు అన్నారు. సెప్టెంబరు దాకా ఆగమన్నారు. అతనే పట్టుపట్టాడు. దాని మీద నేను పోట్లాడగలను, నిలబెట్టగలను. రెండో నేరం ఏంటో తెలుసా? అధికారులకు అబద్ధం చెప్పడం. అది విడిగా ఫెడరల్ నేరం, ఐదేళ్ళ దాకా పడుద్ది. ప్రమాణం చేసి చెప్పక్కర్లేదు, కోర్టులో చెప్పక్కర్లేదు. మీ వసారాలో రొట్టె నములుతూ చెప్పినా చాలు."

"వెర్నాని కాపాడదామని..."

"వాళ్ళు అడగడానికి ముందే వాళ్ళకి జవాబు తెలుసు హోబర్ట్ గారూ. తమకు తెలియనిది మీరు చెప్తారని రాలేదు. ఏం చెప్తారో చూద్దామని వచ్చారు. ఇద్దరెందుకొస్తారనుకున్నారు? ఒకడు అడగడానికి, ఒకడు సాక్ష్యానికి. ఆ రోజు వాళ్ళు నోరు తెరవక ముందే నాకొక్క ఫోన్ చేసుంటే, 'మా లాయరుతో మాట్లాడండి' అనే ఒక్క ముక్క చెప్పించేదాన్ని. అది మీ హక్కు. అప్పుడు ఈ రెండో నేరం పుట్టేదే కాదు. బయటివాళ్ళు తెచ్చిన నేరంతో నేను పోట్లాడతాను. మీరే చేసి, వడ్డించి, సంతకం పెట్టిన దాన్ని ఏం చెయ్యను?"

హోబర్ట్ తన బొటనవేలి గోరు వంక చూసుకున్నాడు. ముప్పై ఏళ్ళుగా బేరంలో ఎదుటివాడే ముందు నోరు తెరవాలని కొడుకు వరస కుర్రాళ్ళకెందరికో నేర్పాడు. ఆ ఒక్క పూట తనే ముందు తెరిచాడు.

అతనికి ఇంకా ఒక నమ్మకం మిగిలింది. వెర్నా వచ్చి, "నా కోసమే చెప్పాడు," అని కోర్టులో అంటుందని.

వెర్నా వచ్చింది. ప్రభుత్వం తరఫున వచ్చింది. ఆమెకు లాయరును పెట్టుకునే స్తోమత లేదని కోర్టే ఉచితంగా ఒకణ్ణి ఇచ్చింది. ఆ కుర్ర లాయరు మొదటి రోజే ఆమె నోటికి తాళం వేయించి, తర్వాత బేరం కుదిర్చాడు. ఎవరికి ఎప్పుడు అమ్మిందో పూసగుచ్చినట్టు చెప్తే, జైలు లేకుండా హెచ్చరికతో వదిలేస్తారని. ఆమె చెప్పింది. హోబర్ట్ కొనడమే కాదు, తక్కువ ధరకు కొన్నాడని కూడా చెప్పింది. అది నిజమే.

బయట నడవాలో ఎదురుపడితే ఆమె తల దించుకుంది. "ఏం చెయ్యను అన్నా? మా లాయరు చెప్పినట్టు చేశాను."

"బాగా చేశావ్ తల్లీ," అన్నాడు హోబర్ట్. మనసులో తిట్టుకుందామనుకున్నాడు గానీ తిట్టు దొరకలేదు. ఆమె చేసింది తను చెయ్యవలసిన పనే.

టీగ్ ఊరుకోలేదు. రికార్డు వినిపించి, గడ్డాలాయన పట్టుదలను ఎత్తిచూపి, వ్యాపారం నేరాలన్నీ కొట్టేయించింది. మిగిలిన అబద్ధానికి హోబర్ట్ నేరం ఒప్పుకున్నాడు. ఇంకెవరు అమ్మారో చెప్తే శిక్ష ఇంకా తగ్గుతుందని ఆమె చెప్పింది. అతను ఎల్బర్ట్ పేరు చెప్పలేదు. జడ్జి ఏడాది శిక్ష అనబోతే, ఆమె లేచి ఏడాదీ ఒక రోజూ వెయ్యమని అడిగింది. హోబర్ట్ అదిరిపడ్డాడు. ఏడాది దాటిన శిక్షకే మంచి నడతకు తగ్గింపు ఉంటుందని, ఆ ఒక్క రోజు ఎక్కువ తీసుకుంటే నెలన్నరకు పైగా ముందే బయటికి రావచ్చని ఆమె తర్వాత చెప్పింది. అతను తన జీవితంలో చూసిన గొప్ప బేరం అదే. అలాంటి బేరగత్తె ఫోన్ నంబరు మొదటి నుంచీ ఊళ్ళోనే ఉంది. కొట్టు లైసెన్సు మాత్రం పోయింది. నేరస్థుడికి మళ్ళీ ఇవ్వరు.

జైలుకు వెళ్ళే ముందు ఆదివారం హోబర్ట్ చర్చిలో లేచి నిలబడ్డాడు. అక్కడ అతను నోరు తెరవడం అదే మొదలు.

"నేను తప్పు చేశాను. అబద్ధం చెప్పకుండా ఉండాల్సింది. కానీ ఒకటి వినండి. అధికారులొస్తే అబద్ధం చెప్పొద్దు, పారిపోవద్దు. మర్యాదగా కూర్చోబెట్టండి. లాయరు వచ్చేదాకా ఏమీ చెప్పనని చెప్పండి. అది సిగ్గుపడాల్సింది కాదు. నాకు సిగ్గేసింది, అందుకే జైలుకి పోతున్నాను."

ఎల్బర్ట్ గొంతు సవరించుకుని, "మనసులో మచ్చ లేనివాళ్ళకి ఈ పాఠాలెందుకు బావా? పాట పాడదాం," అన్నాడు. అందరూ పాడారు.

మంగళవారం పొద్దున్నే హోబర్ట్‌ను జైలు దగ్గర దింపడానికి డెల్ఫియా బండి తీసింది. మూసేసిన కొట్టు దాటారు. దాని ఎదురుగా, వేరే జిల్లా నుంచి వచ్చిన కొత్త వ్యాపారి తక్కెడ పెట్టుకుని కూర్చున్నాడు. అతని ముందు సంచితో వెర్నా నిలబడి ఉంది. మలుపు తిరగ్గానే ఎల్బర్ట్ ఇల్లు. ఇంటి ముందు బూడిద రంగు కారు.

"ఆపవే," అన్నాడు హోబర్ట్.

వసారాలో ఆ ఇద్దరే. పెద్దవాడి ముందు కాఫీ. చిన్నవాడి ఒడిలో పుస్తకం. ఎల్బర్ట్ చేతులు తిప్పుతూ ఏదో చెప్తూ, గట్టిగా నవ్వుతున్నాడు.

హోబర్ట్ కిటికీలోంచి తల బయట పెట్టాడు. "ఎల్బర్టూ! టీగ్ అమ్మకి ఫోన్ చెయ్యరా! ముందు ఫోన్ చెయ్!"

ఎల్బర్ట్ చెయ్యి ఊపాడు, ఈగను తోలినట్టు. "మా బావండీ. పాపం, జైలుకి పోతున్నాడు," అన్నాడు వాళ్ళతో. "నాకేం దాపరికం లేదు. మీరు అడగండి. ఇంకో రొట్టె వేసుకోండి."

చిన్నవాడు ఇంకో రొట్టె వేసుకుని, కాగితం తిప్పాడు.

డెల్ఫియా స్టీరింగ్ పట్టుకుని చాలాసేపు తమ్ముణ్ణే చూసింది. "దిగుతావా?" అంది.

"పోనియ్యవే. ఆలస్యమైతే అదో నేరం."

బండి కదిలింది. పాఠకులారా, అధికారి మీ గుమ్మం ఎక్కిన రోజున ముందు లాయరును పిలవండి. అలా పిలవడం తప్పు ఒప్పుకోవడమని నమ్మినన్నాళ్ళూ, మన మీద సాక్ష్యం మనమే వండి వడ్డిస్తూనే ఉంటాం.