కొడుకు పేరు పెడతామన్న వంతెన

అర్జీలో ఆ ముక్క రాసింది మాస్టారే. "రోడ్డు దాటడానికి మా కాలనీవాళ్ళకి ఏదో ఒకటి ఏర్పాటు చేయవలసిందిగా ప్రార్థన" అని. పాపం, ఆయన్ని అని లాభం లేదు. కుళాయి కావాలన్నా, వీధి దీపం వెలగాలన్నా కాలనీ తరఫున రాసేది ఆయనే. ఫలానాదే కావాలని అడిగితే ఆఫీసువాళ్ళకి ఎక్కడ కోపమొస్తుందోనని ఆయన భయం. దేవుణ్ణి అడిగినట్టు అడిగాడు. ఆఫీసువాళ్ళు దేవుళ్ళా ఏమిటి, మనసులో ఉన్నది కనిపెట్టి ఇవ్వడానికి? ఏదో ఒకటి అన్నారుగా అని ఏదో ఒకటి ఇచ్చారు. ఇనుప వంతెన. ఇటు మెట్లెక్కాలి, అటు మెట్లు దిగాలి.

ఆ కబురు విని దర్జీ కోడలు కుట్టుమిషను ఆపేసింది. ముందుగదిలో జాకెట్లు కుట్టే ఆమెని కాలనీ అంతా అలాగే పిలుస్తుంది. మొగుడు రోడ్డుకి అవతల కళ్ళద్దాల షాపులో పనిచేసేవాడు. ఒకప్పుడు అది ఇవతల నించుని కేకేస్తే అవతలివాడు పలికేంత రోడ్డు. వెడల్పు చేశారు, నున్నగా చేశారు, అంతే, బళ్ళకి కళ్ళు నెత్తికెక్కాయి. ఒక సాయంత్రం అతను సగం దాకా దాటి, సందు దొరకదా అని మధ్యలో నించున్నాడు. ఆమె కిటికీలోంచి చూస్తూనే ఉంది. చూస్తుండగానే అయిపోయింది.

ఆ తర్వాతే కాలనీ ఆడవాళ్ళని పోగేసుకుని, అట్టముక్కల మీద రాసుకుని, ఎండనకా వాననకా రోడ్డు పక్కన నించుంది. ఆమె అడిగింది ఒక్కటే. ఎర్రదీపం పెట్టండి, తెల్లగీతలు గీయండి, బళ్ళు ఆగాలి, మనుషులు నేలమీద నడిచి దాటాలి. అర్జీకెక్కేసరికి అదంతా "ఏదో ఒకటి" అయి కూర్చుంది.

"వచ్చినదాన్ని కాలదన్నకూడదమ్మా," అన్నాడు మాస్టారు గుమ్మంలో నించుని. "పైగా వంతెనకి మనవాడి పేరే పెడతారట. ఇందాకే మీ అత్తగారికి చెప్పాను."

ఆయన మంచివాడే. ఆ మంచితనం తగలెయ్య! ముందు ఆవిడకి చెప్పాలా?

కొడుకు పోయిన దగ్గర్నుంచీ అత్త ఇంట్లో ఉందా లేదా అన్నట్టుండేది. అలాంటిది ఆ పూట తనే అడిగి మరీ అన్నం పెట్టించుకుంది. "అక్షరాలు ఎంత పెద్దవి వేస్తారో కనుక్కోవే," అంది.

"అత్తయ్యా, మీ మోకాళ్ళతో ఆ వంతెన ఎక్కలేరు."

"ఎక్కకపోతే ఏం? కింద నించుని వాడి పేరు చదువుకుంటాను."

కోడలు ఆవిడ కంచంలో ఇంకాస్త అన్నం వడ్డించింది. వంతెన వద్దంటే ఈవిడ చేతిలోది లాక్కున్నట్టే. సరేనంటే ఎవరూ ఎక్కని వంతెన కింద ఇంకో ఇంటి దీపం ఆరిపోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటే ఇదే కాబోలు.

మోకాళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళిన రోజు ఆమె కావాలనే అక్కడి రోడ్డుకి ఇవతలే అత్తని బస్సు దింపింది. ఆసుపత్రి అవతల. మధ్యలో అచ్చం అలాంటి వంతెనే. "ఎక్కుదామా అత్తయ్యా?" అంది. తను చేస్తున్నది పాపమని తెలుసు. అయినా అంది.

అత్త కమ్మీ పట్టుకుని నాలుగు మెట్లెక్కి, ఇక నావల్ల కాదని చతికిలబడింది. పైన ఒక కుక్క తప్ప పురుగు లేదు. కింద మాత్రం జనం చెయ్యి అడ్డం పెట్టుకుని పరుగులు. చంకలో పిల్లతో ఒకామె ఇనుప కంచె సందులోంచి దూరి, లారీ ముందునుంచే పరిగెత్తింది. అత్త "అమ్మో!" అని కళ్ళు మూసుకుంది. కాసేపటికి తెరిచి వంతెన నుదుటికేసి చూసింది. రంగు వెలిసిన పేరు మీద ట్యూషన్ల కాగితాలు అంటించి ఉన్నాయి.

"ఎవరిదే ఆ పేరు?"

"తెలీదత్తయ్యా."

అత్త కమ్మీ పట్టుకుని ఆ నాలుగు మెట్లూ దిగింది. ముసలావిడ మీదా నా ప్రతాపం అని కోడలు ఆ రాత్రి తనని తనే తిట్టుకుంది.

ఆఫీసులో మీటింగు పెట్టారు. నేనూ వస్తానని అత్త కూడా బయల్దేరింది. ఇంజనీరు గోడకి వంతెన బొమ్మ తగిలించాడు. అందులో పేరు కూడా రాసి ఉంది, చక్కటి నీలం రంగులో. ఆయనేం చెడ్డవాడు కాదు, అలిసిపోయిన మనిషి. "అమ్మా, సిగ్నలు పెడితే బళ్ళు ఆగిపోతాయి," అన్నాడు.

"ఆగాలనే కదండీ సార్ మా గోల!" అంది కోడలు. వెనక ఆడవాళ్ళు గొల్లున నవ్వారు. మాస్టారు మాత్రం కంగారుగా గొంతు సవరించుకున్నాడు.

"సరే, వంతెన వద్దని రాసివ్వండి. పేరు సంగతి మాత్రం మర్చిపోండి. తెల్లగీతల మీద ఎవరి పేరూ రాయం."

కోడలు అత్తకేసి చూసింది. వద్దంటే ఆ తల్లి దగ్గర్నుంచి కొడుకుని రెండోసారి తీసేసినట్టే.

అత్తే లేచింది, కోడలి భుజం ఆసరా చేసుకుని.

"బాబూ, వాడికి పేరు నేనెప్పుడో పెట్టుకున్నాను. మళ్ళీ మీరు పెట్టక్కర్లేదు. బళ్ళు ఆపండి."

ఇంజనీరు బొమ్మకేసి చూసి, దాన్ని మెల్లగా కిందికి దించాడు.

అక్కడితో అంతా సర్దుకుందనుకుంటున్నారా? ఇంటికి రాగానే అత్త గోడవైపు తిరిగి పడుకుంది. "నీ పంతం నెగ్గిందిగా, పో," అంటూ కుళ్ళికుళ్ళి ఏడ్చింది. ఆమె కాళ్ళ దగ్గర కూర్చుని కోడలూ ఏడ్చింది. చాలారోజులు ఇద్దరి మధ్యా ముక్తసరి మాటలే.

సిగ్నలు ఊరికే రాలేదు. ఆఫీసు చుట్టూ తిరిగి చెప్పులరిగాక వచ్చింది. దీపం వెలిగిన ఉదయం మాస్టారు అందరికన్నా ముందొచ్చి నించున్నాడు. అత్త తనంతట తనే చెయ్యి చాపితే కోడలు పట్టుకుంది. ఎర్రదీపం పడింది. కార్లూ బస్సులూ రొప్పుతూ, గొణుగుతూ ఆగాయి. ఇద్దరూ నడిచారు.

రోడ్డు మధ్యకొచ్చాక అత్త ఆగింది.

"ఎక్కడే?"

"ఇక్కడే అత్తయ్యా."

కొడుకు పడిన చోటు ఆవిడ ఇన్నాళ్ళూ చూడలేదు. చూడటానికి రోడ్డు ఎప్పుడు ఖాళీగా ఉంది కనక? వంగి తారుకేసి చూసింది. అక్కడేమీ లేదు. తర్వాత తలెత్తి, వరసగా నిలబడ్డ బళ్ళకేసి ఆ చివర్నుంచి ఈ చివరిదాకా చూసింది.

"ఇంతేనా?" అంది. "ఇంతసేపు ఆగితే సరిపోయేదా?"

కోడలు అత్త చెయ్యి గట్టిగా పట్టుకుని అవతలికి నడిపించింది.