చివరి అంకె

మా అన్నయ్యది ఒకటే వాదన. ఇంజను ఆపి తోసుకుంటూ పోతే అది బండి కాదు, సామాను. సామానుకు రుసుం ఉండదు.

రాత్రి భోజనాల దగ్గర ఆ మాట విని నేను నవ్వేశాను. "నీ తెలివి తెల్లారినట్టే ఉంది అన్నయ్యా. కెమెరాకి చెవులుండవు, కళ్లే ఉంటాయి." వదిన మాత్రం నవ్వలేదు. ఆవిడ నవ్వి చాలా రోజులైంది.

వాళ్లిద్దరూ హోటళ్ల దుప్పట్లు ఉతికి ఇస్తారు. హోటళ్లన్నీ నగరం నడిబొడ్డున ఉన్నాయి. రద్దీ తగ్గాలని దాని చుట్టూ కెమెరా గేట్లు పెట్టి, దాటే ప్రతి బండికీ రుసుం వేస్తున్నారు. రద్దీ పెరిగినకొద్దీ రుసుమూ పెరుగుతుంది. హోటళ్లకేమో దుప్పట్లు సరిగ్గా ఆ వేళకే కావాలి. అన్నయ్య ఖాతా ఎప్పుడో ఖాళీ అయింది. ఇంకొక్కసారి కట్టకుండా దాటితే బండి పట్టుకుపోతామన్నారు. బండి పోతే వాళ్ల బతుకు రోడ్డున పడ్డట్టే.

నా ఉద్యోగం ఆ గేట్ల ఆఫీసులోనే. కెమెరా చదవలేని నంబరు ప్లేట్లను ఫొటోలో చూసి టైపు చేయాలి. అంతకుమించి నా చేతిలో ఏమీ లేదు. అన్నయ్య మాత్రం గేటు వెనకాల నేనే కూర్చుంటాననుకుంటాడు.

ఈ ఉదయం తెర మీద ఒక బండి వెనక భాగం కనబడింది. ఎవరో ఒళ్లంతా వంచి తోస్తున్నారు. ఆ స్వెటరు నేను కొనిచ్చిందే. వదిన మోకాలు అడ్డొచ్చి ప్లేటు మీద చివరి అంకె కనబడలేదు. ఆ అంకె ఏదో చెప్పమని కింద గడి వెలుగుతోంది.

ఏడు. ఆ ప్లేటు బిగించింది నేనే. ఏడు కొడితే మావాళ్ల పొట్ట కొట్టినట్టు, వేరే అంకె కొడితే దారిన పోయేవాడి నెత్తిన పడుతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

"ఏంటమ్మా, బండిని చూసి ఏడుస్తున్నావ్?" అన్నాడు పక్క సీటాయన.

"కంట్లో నలక పడిందండీ."

'చదవలేం' అన్న మీట నొక్కాను. అలా నొక్కితే యంత్రం ముందువైపు ఫొటో వెతుక్కుంటుంది. వానలు పడుతున్నాయి, ముందు ప్లేటు బురద కొట్టుకుని ఉంటుందని నా ఆశ.

ఫొటో వచ్చింది. ప్లేటు అద్దంలా మెరుస్తోంది. వదిన తుడిచి ఉంటుంది. మురికి కనబడితే ఆవిడ చెయ్యి ఊరుకోదు. యంత్రం తనంతట తానే నంబరు చదివేసుకుంది. 'బండిని ఆపండి' అని ఎర్ర అక్షరాలు వెలిగాయి. బండి పక్కన నడుస్తూ, ఒక చేత్తో కిటికీలోంచి స్టీరింగు పట్టుకుని, రెండో చెయ్యి కెమెరా వైపు ఊపుతున్నాడు అన్నయ్య.

ఫోను మోగింది.

"చూశావా? నీకే చెయ్యి ఊపాను! దాటేశాం, గేటు కిక్కురుమంటే ఒట్టు!"

"చూశాను అన్నయ్యా."

"ఇదుగో, మీ వదిన నవ్వు విను."

నిజమే. ఆయాసపడుతూనే వదిన పగలబడి నవ్వుతోంది. ఫోను చెవికి ఆనించుకుని ఆ నవ్వు వింటూ కూర్చున్నాను.