పగలని పుర్రె

ఆ పుర్రె ఎప్పటికైనా అమ్మకానికి వస్తుందని ఆమెకు తెలుసు. అంత పెద్ద తలకాయను ఎవరైనా ఎన్నాళ్లని గోనెపట్టాల కింద దాచగలరు? వచ్చిన రోజున తను అక్కడ ఉండాలి. అంతే. తొమ్మిదేళ్లు ఆ ఒక్క పట్టుదలతోనే చదివింది, పరీక్షలు రాసింది, చివరికి ఒక మ్యూజియంలో ఎముకల తనిఖీదారుగా కుదిరింది. పాము పగబడుతుందంటారు గానీ, దానికి పాపం ఇంత ఓపిక ఎక్కడిది?

ఆమె తండ్రి రాతిలోంచి ఎముకను విడదీసే పనివాడు. రాయి ఎక్కడ ఆగిందో, ఎముక ఎక్కడ మొదలైందో వేలికొసతో చెప్పేవాడు. నోట్లో నాలుక లేని మనిషి. ఇరవై ఏళ్లు ఒకే వ్యాపారి దగ్గర పనిచేశాడు. ఆ వ్యాపారిని ఆమె చిన్నప్పటి నుంచీ బాబాయ్ అనే పిలిచేది. ఆయన భార్య పిన్ని చేతి ముద్దలు తినే పెరిగింది.

గుట్టలో డైనోసార్ పుర్రె దొరికినప్పుడు దాన్ని శుభ్రం చెయ్యడానికి తండ్రికి పద్నాలుగు నెలలు పట్టింది. లారీకెక్కించే రోజున బాబాయ్‌కి తొందర. తండ్రి చేతులు కడుక్కుని వచ్చేలోగా గొలుసు తనే తగిలించి పైకి లాగాడు. పట్టీ జారింది. ముక్కు భాగం నాలుగు చెక్కలైంది. తండ్రికి అన్నం క్యారియర్ తీసుకుని షెడ్డు గుమ్మంలోకి వచ్చిన పదిహేడేళ్ల పిల్ల అదంతా కళ్లారా చూసింది.

సాయంత్రానికల్లా బాబాయ్ నోటి నుంచి బజారంతా పాకి, తండ్రి గురించి ఒకటే మాట: "తాగొచ్చి పడేశాడట."

తండ్రి జీవితంలో చుక్క ముట్టినవాడు కాదు. ఆమె ఇంటింటికీ వెళ్లి చెప్పింది. "తండ్రి తరఫున కూతురు చెప్పక ఇంకెవరు చెబుతారమ్మా!" అని నవ్వారు. నిప్పు లేనిదే పొగ రాదన్నారు. జారుడుచేతులాయన అని పేరు పెట్టారు. ఆ తర్వాత ఎవరూ పని ఇవ్వలేదు. తండ్రి పెరట్లో కూర్చుని, ఎవరికీ అక్కర్లేని గులకరాళ్లను అరగదీస్తూ ఉండిపోయాడు.

ఈ ఏడు రత్నాలు, ఖనిజాల సంత మొదటి రోజు ఉదయం, మ్యూజియం డైరెక్టరమ్మ వెంట ఆమె హాల్లోకి అడుగుపెట్టింది. ఊదారంగు స్ఫటికాల గుహలు, పళ్లేల్లో గోమేధికాలు, తోరణాల్లా వేలాడే పూసల దండలు, రాయైపోయిన నత్తగుల్లలు. అన్నిటికీ చివర, నల్లగుడ్డ పరిచిన బల్ల మీద ఆ పుర్రె. పక్కన అట్ట: 'రాతిలోంచి వచ్చింది వచ్చినట్టే. అతుకు లేదు, లోటు లేదు.'

బాబాయ్ ఆమెను చూసి ఒక్క క్షణం తడబడ్డాడు. వెంటనే చేతులు చాచాడు.

"అమ్మలూ! నువ్వా! ఎంత పెద్దదానివయ్యావే!"

"నమస్కారమండి. మ్యూజియం తరఫున వచ్చాను. మీరు ఈ పత్రం నింపాలి."

"మీరేంటమ్మా కొత్తగా?" అని నవ్వి పెన్ను తీశాడు. బల్ల వెనక కూర్చున్న పిన్ని నవ్వలేదు.

ప్రతి వస్తువుకీ మ్యూజియం రాయించుకునే చరిత్ర పత్రం అది. ఎక్కడ దొరికింది? పాత గుట్టలో. అక్కడ మరో పుర్రె దొరికిందా? లేదు, ఇదొక్కటే. ఎవరు శుభ్రం చేశారు? 'నేనే' అని రాశాడు. ఆమె పళ్లు బిగించింది. ఎప్పుడైనా కిందపడిందా, పగిలిందా? పెన్ను ఆగింది. డైరెక్టరమ్మ పుర్రె కోరల వైపు ఎంత ముచ్చటగా చూస్తోందో ఆయన గమనించాడు. 'ఎన్నడూ లేదు' అని రాసి సంతకం చేశాడు.

"నాలుగో జవాబు కొంచెం గట్టిగా చదవండి. మేడం వినాలి."

చదివాడు. పక్క దుకాణంలో టీ తాగుతున్న పూసలాయన గ్లాసు కింద పెట్టాడు. బజారులో తండ్రికి ఆ పేరు పుట్టింది ఆయన నోటి నుంచే.

"ఎన్నడూ లేదా? మరి ఇది జారుడుచేతులాయన పడేసింది కాదా?"

"అది వేరు..." అన్నాడు బాబాయ్.

"దొరికింది ఇదొక్కటేనని ఇప్పుడే రాశారు కదండి," అంది ఆమె. అప్పటికి నలుగురూ పోగయ్యారు. "పడకపోతే మా నాన్న పడేయలేదు. పడితే మీరు మేడంకి అబద్ధం రాసిచ్చారు. ఏది నిజం?"

ఆయన పరిస్థితి అడకత్తెరలో పోకచెక్కలా ఉంది. అమ్మకం నిలుపుకోవాలా, పాత అబద్ధం నిలుపుకోవాలా? అమ్మకమే గెలిచింది.

"పడలేదమ్మా. మీ నాన్న పడేయలేదు. ఏదో కోపంలో అన్నాను. పొరపాటే."

తొమ్మిదేళ్లుగా ఆమె కోరుకున్న మాట, దొంగ నోటి నుంచే, నలుగురి ముందూ వచ్చేసింది. పిన్ని లేచి వచ్చి ఆమె మణికట్టు పట్టుకుంది.

"ఇక చాలు తల్లీ."

చాలు అనుకుంటే అక్కడితో అయిపోయేది. మిగతా తనిఖీ గదిలో తలుపు వేసుకుని చేసుకోవచ్చు. డైరెక్టరమ్మ చెవిలో ఒక్క మాట వేస్తే సరిపోయేది. కానీ నాన్న పరువు నాలుగు గోడల మధ్య పోయిందా? ఆమె మెల్లగా చెయ్యి విడిపించుకుంది. సంచిలోంచి, కంటికి కనబడని అతుకులు పట్టే నీలిదీపం తీసింది. బల్ల ముందు నేలదాకా వేలాడుతున్న నల్లగుడ్డ చెంగు ఎత్తి పుర్రెకీ తమకీ కలిపి గొడుగులా పట్టమని పూసలాయనకే పురమాయించింది. "రండి మేడం," అంది.

ఆ చీకట్లో ఎముక నల్లగా ఊరుకుంది. ముక్కు మీద మాత్రం జిగురు గీతలు తెల్లగా భగ్గుమన్నాయి. నాలుగు చెక్కల అతుకులు, లెక్కపెట్టినట్టుగా.

గుడ్డ దిగేసరికి బాబాయ్ ముఖంలో నెత్తురు చుక్క లేదు. అయినా బుద్ధి మారలేదు.

"అయితే వాళ్ల నాన్నే పడేసి, నాకు తెలియకుండా అతికించుంటాడు! తాగుబోతును నమ్మినందుకు..."

"ఆపండి," అంది పిన్ని. గొంతు పెద్దది కాదు, కానీ అందరికీ వినిపించింది. "గొలుసు తగిలించింది మీరు. జార్చింది మీరు. అతికించిన మనిషికి వారం రోజులు మనింట్లోనే వండిపెట్టాను. ఈ పిల్ల నాన్న తాగడం నేనెప్పుడూ చూడలేదు."

చెప్పి చీర కొంగు భుజాల చుట్టూ కప్పుకుని, ఎవరి వైపూ చూడకుండా హాల్లోంచి వెళ్లిపోయింది. డైరెక్టరమ్మ పత్రాన్ని ఫైల్లో పెట్టుకుని, "ఇది సంత కమిటీకి ఇస్తాను," అంది. మధ్యాహ్నానికి ఆ దుకాణానికి తెర పడింది.

ఇంటికి వెళ్లి ఆమె అంతా చెప్పింది. అయ్యాక తండ్రి, "బాబాయ్ పడలేదన్న దగ్గర మళ్లీ చెప్పు," అన్నాడు. చెప్పింది. మూడోసారి కూడా చెప్పించుకున్నాడు. తర్వాత అడిగాడు:

"మీ పిన్ని ఎక్కడికెళ్లింది?"

"చెల్లెలి ఇంటికట."

ఆమెకు బాబాయ్ మీద జాలి రవ్వంత కూడా లేదు. పిన్ని మణికట్టు పట్టుకున్న చోట మాత్రం ఇంకా బిగువుగా అనిపిస్తోంది.

నాలుగో రోజు పూసలాయన వచ్చాడు, ఒక రాతిదిమ్మె శుభ్రం చేసిపెట్టాలని. తండ్రి ఆయన్ని అరగంట నిలబెట్టి, "చూద్దాంలే," అని పంపేశాడు. పూసలాయన వీధి మలుపు తిరిగాక తండ్రి పెరట్లోకి వెళ్లి ఉలులన్నీ బయటికి తీసి నూనె రాశాడు.

వారం తిరక్కుండా బాబాయ్ గేటు దగ్గరికి వచ్చాడు. మనిషి సగమయ్యాడు. పత్రంలో జిగురు సంగతి తను రాయకపోవడం పొరపాటేనని సంత కమిటీకి ఒక్క ఉత్తరం ముక్క రాసిమ్మన్నాడు. లేకపోతే ఇక సంతలోకి అడుగు పెట్టనివ్వరట. ఆమె గేటు సగమే తెరిచి, ఎండలో ఆయన చెప్పుకున్నదంతా విని, "రాయను," అంది. ఆయన ఇంకాసేపు నిలబడి వెళ్లిపోయాడు.

తండ్రి వరండాలోంచి అంతా చూస్తూనే ఉన్నాడు.

"ఇంటికొచ్చిన మనిషికి మంచినీళ్లయినా ఇవ్వలేదేం?"

"ఇవ్వాలనిపించలేదు నాన్నా."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. వీధిలో బాబాయ్ ఇంకా కనబడుతూనే ఉన్నాడు, కేకేస్తే వినబడేంత దూరంలోనే. వెనక్కి పిలవమని మాత్రం తండ్రి అనలేదు.